నాయకుడే చరిత్రకారుడైతే

విన్‌స్టన్ చర్చిల్‌కి 1953లో వచ్చిన నోబెల్ బహుమతి శాంతికి కాదు, సాహిత్యానికి. ఈ సంగతి చెబితే మన విద్యార్థుల్లో చాలామంది నవ్వుతారు. నవ్వి ఊరుకోదగిన విషయం కాదని నా అభిప్రాయం. ఆయన రాసిన చరిత్రలనూ, జీవితచరిత్రలనూ, మానవవిలువల రక్షణకోసం చేసిన ఉపన్యాసాలనూ స్వీడిష్ అకాడమీ మెచ్చుకున్నది. ఆ సమయానికి ఆయన రెండోసారి బ్రిటిష్ ప్రధానమంత్రి. రెండో ప్రపంచయుద్ధం మీద ఆయన రాసిన ఆరు సంపుటాలలో చివరిది అప్పుడే వెలువడుతున్నది. తాను నడిపిన యుద్ధానికి తానే చరిత్ర రాసి, అధికారంలో ఉండగానే దానికి సాహిత్య బహుమానం అందుకున్న నాయకుడు ఆధునిక చరిత్రలో మరొకడు లేడు.

ఆయనను గురించిన తగవు ఇప్పటికీ తెగలేదు. 2002లో బ్రిటిష్ రేడియో టెలివిజన్ సంస్థ బి.బి.సి. జరిపిన పోటీలో ప్రేక్షకులు ఆయనను బ్రిటిషువారందరిలోకీ గొప్పవాడుగా ఎన్నుకున్నారు. 2020 జూన్‌లో లండన్ పార్లమెంట్ స్క్వేర్‌లో ఆయన విగ్రహం పీఠం మీద నిరసనకారులు ఆయన జాత్యహంకారి అని రాశారు. తర్వాత లండన్ నగర అధికారులు ఆ విగ్రహం చుట్టూ పెట్టె కట్టి కాపాడారు. ఫాసిజం నుంచి ప్రపంచాన్ని రక్షించినవాడని ఒక పక్షం, బెంగాలును ఆకలితో చంపినవాడని మరొక పక్షం. రెండు పక్షాలూ మనిషిని గురించే మాట్లాడతాయి. నేను పుస్తకాన్ని గురించి మాట్లాడదలిచాను. ఎందుకంటే, పొగిడేవాళ్ళు పొగిడే చర్చిల్, తిట్టేవాళ్ళు తిట్టే చర్చిల్ కూడా చాలావరకు ఆ పుస్తకంలోని పాత్రే. అక్కడ ఆయన ఒక్కడే ఆలోచిస్తాడు, ఒక్కడే ఆజ్ఞాపిస్తాడు, ఒక్కడే ముందు చూస్తాడు. మంచికైనా చెడుకైనా కర్త ఆయనొక్కడే అనే భ్రమను మనకు అంటించింది ఆ కథనమే.

మొదట ఈ గ్రంథం ఎలా తయారైందో చూడాలి. 1945లో పదవి దిగేటప్పుడు చర్చిల్ తాను యుద్ధకాలంలో పంపిన ఆదేశాల చీటీలూ, టెలిగ్రాములూ తనవెంట తీసుకుపోయాడు. ప్రధానమంత్రిగా ఉన్నప్పుడే వాటిని నెలనెలా అచ్చువేయించి ఉంచాడు. అంటే యుద్ధం చేస్తున్నప్పుడే చరిత్ర రాయడానికి సరంజామా సిద్ధం చేసుకుంటున్నాడన్న మాట. తర్వాత విలియం డీకిన్ అనే చరిత్రకారుడు, జనరల్ పౌనాల్, నౌకాదళాధికారి ఆలెన్, యుద్ధకాలంలో ఆయన పక్కనే ఉన్న జనరల్ ఇస్మే, ఇంకా కొందరు కలిసి ముసాయిదాలు రాసిపెట్టేవారు. మంత్రివర్గ కార్యదర్శి నార్మన్ బ్రూక్ ప్రభుత్వం తరపున చదివి దిద్దేవాడు. అమెరికాలో లైఫ్ పత్రిక, న్యూయార్క్ టైమ్స్, ఇంగ్లండులో డైలీ టెలిగ్రాఫ్ ముందుగానే పెద్ద మొత్తాలిచ్చి ధారావాహికగా వేసుకున్నాయి. ఆదాయపు పన్ను పడకుండా కాగితాలను ఒక ట్రస్టు పేర పెట్టారు. ఈ వివరాలన్నీ డేవిడ్ రేనాల్డ్స్ అనే కేంబ్రిడ్జి చరిత్రకారుడు 2004లో ప్రచురించిన పరిశోధనలో విస్తారంగా ఉన్నాయి.

ఇంతమంది పనిచేశారు కాబట్టి పుస్తకం చర్చిల్‌ది కాదని వాదించటం తేలిక. ఆ వాదం నాకు నచ్చదు. వాక్యం ఆయనదే, గొంతు ఆయనదే. నలుగురు వండిన వంటకి తాళింపు ఆయనే పెట్టాడు. వాసన మాత్రం ఇల్లంతా ఆయనదే వస్తుంది. మనం పట్టించుకోవలసింది వేరే: ఈ గ్రంథం ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఒక ముసలాయన చెప్పుకున్న జ్ఞాపకాలు కావు. ఒక రాజ్యం తన కాగితాలిచ్చి, తన అధికారి చేత దిద్దించి, తన మిత్రదేశాలు నొచ్చుకోకుండా చూసుకుని విడుదల చేసిన కథ. చివరి సంపుటం వచ్చేనాటికి ఐసెన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడైనాడు. ఆయనకు ఇబ్బంది కలిగించే మాటలు అందులోనుంచి తీసేశారు.

ఇక శిల్పం. చర్చిల్ శైలికి మూలాలు గిబ్బన్, మెకాలే. వాళ్ళను ఆయన చదివింది ఆక్స్‌ఫర్డులో కాదు, మన బెంగుళూరులో. 1896లో హుస్సార్ పటాలంలో చిన్న అధికారిగా వచ్చి, కంటోన్మెంటు బంగళాలో ఉంటూ, తల్లి ఇంగ్లండు నుంచి పంపిన సంపుటాలను ఎండ దంచే మధ్యాహ్నాలలో రోజూ గంటల తరబడి చదివాడు. 1930లో రాసిన తన తొలి జీవిత కథలో ఈ రోజులను గురించి చాలా హాయిగా చెప్పాడు. నౌకర్లు అన్నీ చూసుకునేవారు, వాళ్ళ చేతిలో పెట్టేస్తే మనకిక చింత ఉండేది కాదు అనే ధోరణిలో ఉంటుంది ఆ వర్ణన. ఎంత నిజాయితీగా చెప్పాడో అంత అమాయకంగా చెప్పాడు. ఆ చదువుకి కావలసిన తీరిక ఎవరి చాకిరీ వల్ల వచ్చిందో ఆయనే చెబుతున్నాడు, కాని చెబుతున్నట్టు తనకు తెలియదు. ఆ 1896-97లోనే బళ్ళారి, అనంతపురం, కర్నూలు, కడప జిల్లాలలో కరువు. బెంగుళూరు నుంచి బళ్ళారి ఏమంత దూరం? రోమన్ సామ్రాజ్యం ఎలా పతనమైందో చదువుతున్న యువకుడికి పక్క జిల్లాలలో గంజి కేంద్రాల ముందు నిలబడినవాళ్ళు కనపడకపోవటం ఆయన వ్యక్తిగత దుర్గుణం అనను. కంటోన్మెంటు అనేదాన్ని కట్టిందే అందుకు. కాని ఆ చూపు, ఆ చూపులోని వెలితి, నలభై ఏడేళ్ళ తర్వాత యుద్ధ మంత్రివర్గంలోకి వచ్చింది. యాభై ఏళ్ళ తర్వాత పుస్తకంలోకీ వచ్చింది.

గిబ్బన్, మెకాలేల నుంచి ఆయన నేర్చుకున్నది పెద్ద వాక్యం, సమతూకం, పైనుంచి చూసే దృష్టి. దానికి ఆయన సొంతంగా చేర్చినది పత్రం. ప్రతి అధ్యాయంలోనూ ఆయన పంపిన చీటీలు, తంతులు యథాతథంగా అచ్చయి ఉంటాయి. చదివేవాడికి ఇది గొప్ప నమ్మకం కలిగిస్తుంది: రచయిత కల్పించటం లేదు, కాగితం చూపిస్తున్నాడు. అయితే చాలా చోట్ల కనపడేది ఆయన అడిగిన ప్రశ్న మాత్రమే. వచ్చిన జవాబు ఉండదు. ఒక సేనాని చేత ఫలానాది ఎందుకు కాలేదని ఆయన గద్దించిన చీటీ ఉంటుంది. ఇందువల్ల కాలేదు, మీరు చెప్పింది సాధ్యం కాదు అని ఆ సేనాని రాసిన ఉత్తరం ఉండదు. అచ్చయిన రోజుల్లోనే కొందరు ఆంగ్ల విమర్శకులు ఈ లోపం ఎత్తిచూపారు. దీన్ని లోపమనటం కంటే పద్ధతి అనటం సబబు. కోర్టులో ఒక పక్షం వకీలు వాదన మాత్రమే రికార్డు చేస్తే, ఆ రికార్డులో ఒక్క అక్షరం కూడా అబద్ధం ఉండక్కరలేదు.

ఇంత చెప్పాక, 1940ని గురించి చెప్పక తప్పదు. ఆ ఏడాది ఫ్రాన్సు పడిపోయినప్పుడు హిట్లర్‌తో రాజీకి దిగకుండా బ్రిటన్ నిలబడింది. అది చిన్న విషయం కాదు. అభ్యుదయవాదులం అనుకునేవాళ్ళం దాన్ని చిన్నది చేసి మాట్లాడితే, ఫాసిజం వ్యతిరేక యుద్ధం అంతా చర్చిల్ పరం చేసి మన చేతులు మనమే ఖాళీ చేసుకున్నట్టు. రెండో సంపుటం నిజంగా చదివించే పుస్తకం. లండన్ మీద బాంబులు పడే రాత్రుల వర్ణన బాగుంది, బాగుందని ఒప్పుకోవటానికి నాకేమీ సంకోచం లేదు.

కాని ఆ సంపుటంలోనే అన్నిటికంటె విచిత్రమైన మౌనం ఒకటుంది. ఒంటరిగా పోరాడాలా వద్దా అన్న ప్రశ్న యుద్ధ మంత్రివర్గం ముందు చర్చనీయాంశంగా ఎన్నడూ రాలేదని చర్చిల్ అక్కడ రాశాడు. 1970 దశకం మొదట్లో మంత్రివర్గ పత్రాలు బయటపడ్డాయి. 1940 మే 26 నుంచి 28 వరకు మూడు రోజులు సరిగ్గా ఆ ప్రశ్నే చర్చించారు. ఇటలీ మధ్యవర్తిత్వంతో సంధి షరతులేమిటో కనుక్కుందామని విదేశాంగ మంత్రి హాలిఫాక్స్ పట్టుబట్టాడు. హాలిఫాక్స్ అంటే మనకు తెలిసినవాడే. ఇర్విన్ ప్రభువు పేరుతో ఇక్కడ వైస్రాయిగా ఉండి 1931లో గాంధీగారితో ఒడంబడిక చేసుకున్నవాడు. అయిదుగురు సభ్యుల ఆ మంత్రివర్గంలో చర్చిల్‌కి గట్టిగా బాసటగా నిలిచినవారు ఇద్దరు లేబర్ పార్టీ సభ్యులు, ఆట్లీ, గ్రీన్‌వుడ్. ఆయన సొంత పార్టీ పెద్దలు ఊగిసలాడారు.

ఆలోచించి చూడండి. ఇది ఆయన జీవితంలోకెల్లా గొప్ప ఘట్టం. నిజం రాసి ఉంటే ఆయన ఇంకా పెద్దవాడై కనిపించేవాడు. అయినా రాయలేదు. ఎందుకు? ఎప్పుడూ తన్ను తాను పెంచి చూపుకునే రచయిత ఇక్కడెందుకు తగ్గించుకున్నాడు? రాస్తే, ఇంగ్లండు పాలకవర్గంలో ఒక ముఖ్యమైన భాగం హిట్లర్‌తో బేరానికి సిద్ధపడిందని బయటపడుతుంది. కార్మికుల పార్టీ ప్రతినిధులు దేశం పరువు కాపాడారని ఒప్పుకోవలసివస్తుంది. తన కీర్తికీ తన వర్గం పరువుకీ మధ్య ఎన్నుకోవలసి వచ్చినప్పుడు ఆయన వర్గం వైపు నిలిచాడు. ఆయన అహంకారం మీద బోలెడు వ్యాసాలు వచ్చాయి గాని, ఆ అహంకారాన్ని కూడా మింగగల వర్గదృష్టి ఆ పుటలో ఉన్నదని ఎక్కువమంది గమనించలేదు.

ఇప్పుడు మన దేశం సంగతి. నాలుగో సంపుటంలో క్రిప్స్ రాయబారం అధ్యాయం ఉంది. అందులో చర్చిల్ అనే మాట సారాంశం ఇది: యుద్ధ భయాలనుంచి, బాధలనుంచి ప్రపంచంలో హిందూదేశ ప్రజలంత భద్రంగా బయటపడ్డ జనసమూహం మరొకటి లేదు, మా చిన్న ద్వీపం వాళ్ళను భుజాల మీద మోసింది. భారత సైనికుల పరాక్రమాన్ని ఆ అధ్యాయంలోనే మెచ్చుకున్నాడు, అది వాస్తవం. కాని మరుక్షణమే లెక్కలు తీశాడు. ఇండియాలో కాంట్రాక్టులు దుబారా ధరలకు కుదిరాయట, ఉబ్బిన రూపాయలలో పడిన ఖర్చును యుద్ధపూర్వపు మారకం రేటున స్టెర్లింగ్ అప్పుగా మార్చారట, ఇండియాను దండయాత్రనుంచి కాపాడినందుకు ఇండియాయే తమనుంచి రోజుకు దాదాపు పదిలక్షల పౌన్లు వసూలు చేసిందట.

ఈ పేరా నేను చాలాసార్లు చదివాను. ఈ గ్రంథం గుట్టంతా ఇందులో ఉందని నాకు అనిపిస్తుంది. రూపాయలు ఉబ్బాయని చర్చిల్‌కి తెలుసు. ఎలా ఉబ్బాయి? ఇక్కడ సైన్యానికి కావలసిన బట్టా, తిండీ, సిమెంటూ, విమానాశ్రయాలూ అన్నిటికీ ఇక్కడే నోట్లు అచ్చువేసి చెల్లించారు. వాటికి బదులు లండన్‌లో పద్దు రాసుకున్నారు. సరుకు వెళ్ళిపోయింది, నోట్లు మిగిలాయి, ధరలు పెరిగాయి. కలకత్తాలో 1942 డిసెంబరులో మణుగు 13, 14 రూపాయలున్న బియ్యం 1943 మే నెలకి 30 దాటింది, ఆగస్టుకి 37 అయింది. లోపలి జిల్లాల్లో ఇంకా ఎక్కువ. కలకత్తా ఫ్యాక్టరీలకు, ప్రభుత్వ ఉద్యోగులకు చౌకగా బియ్యం సరఫరా అయింది. యుద్ధానికి పనికివచ్చేవాళ్ళు కాబట్టి వాళ్ళు బతకాలి. యుద్ధానికి పనికిరానివాళ్ళు వ్యవసాయ కూలీలు, జాలరులు, పడవవాళ్ళు, వడ్లు దంచుకు బతికే ఆడవాళ్ళు, గ్రామాల చేతిపనివాళ్ళు. చచ్చిపోయింది వాళ్ళు. చర్చిల్ తన అప్పుల పద్దులో చూసి నొచ్చుకున్న ఉబ్బు, మేదినీపురం గుడిసెలో చావైంది. ఒకే వస్తువుకు రెండు వైపులు. ఆయన పుస్తకంలో ఒక వైపు ఉంది, రెండోవైపు లేదు. అనుబంధాలలోని కాగితాల మాట వదిలేద్దాం. ఆయన కథనంలో కరువుకు చోటు లేదు.

1945లో వుడ్‌హెడ్ అధ్యక్షతన ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం మృతులు సుమారు 15 లక్షలని చెప్పింది. అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో సుమారు 30 లక్షలని లెక్కగట్టాడు. ఎంత తగ్గించి చెప్పినా ఒక మహాయుద్ధపు రంగస్థలంలో చనిపోయినంతమంది.

మౌనానికి రహస్యం కారణమని ఎవరైనా సమర్థిస్తారేమో. ఈ ఆరు సంపుటాలలో నిజంగా రహస్యం కోసం పాటించిన మౌనం ఒకటుంది. జర్మన్ల గూఢలిపి టెలిగ్రాములను బ్రిటిష్‌వారు విప్పి చదివేవారు. యుద్ధంలో చర్చిల్ తీసుకున్న ఎన్నో నిర్ణయాలకు ఆధారం అదే. 1974 దాకా ఆ సంగతి ప్రపంచానికి చెప్పలేదు, కాబట్టి పుస్తకంలో లేదు. ఇది అర్థం చేసుకోదగిన మౌనం. కాని బెంగాలు కరువులో రహస్యమేముంది? 1943 ఆగస్టు 22న కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక వీధుల్లో పడివున్న మనుషుల ఫోటోలు అచ్చువేసింది. ఆ పత్రిక ఆంగ్లేయులది, సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆంగ్లేయుడు. విచారణ సంఘం నివేదిక అచ్చయి ఏళ్ళు గడిచాయి. చర్చిల్‌కి వైస్రాయి లిన్‌లిత్‌గో, ఆ తర్వాత వేవెల్, లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఏమరీ పదేపదే రాశారు, చెప్పారు. సమాచారం లేక కాదు, ఆ సమాచారం ఆయన ఎన్నుకున్న కథారూపంలో పట్టదు కాబట్టి జారిపోయింది. ఆ రూపంలో ప్రజలు ఉండటానికి రెండే మార్గాలు: సైనికులుగానో, బాంబులకు బెదరని లండన్ పౌరులుగానో. ఆకలితో నెలల తరబడి చచ్చేవాడికి అందులో పాత్ర లేదు.

బెంగాలే కాదు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ పట్టి కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. రంగూను రేవులో బరువులు మోసినవాళ్ళలో, ధాన్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి తీరాలవాళ్ళు ఎంతమందో. దారిలో వేలమంది పోయారు. తెల్లవాళ్ళకు ఒక బాట, నల్లవాళ్ళకు ఒక బాట అన్న ఫిర్యాదు ఆనాడే దేశమంతా మారుమోగింది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ద్వీపం భుజాల మీద భద్రంగా ప్రయాణించిన జనసమూహంలో వీళ్ళను లెక్కించాలా వద్దా?

ఇంతవరకు చదివి, చర్చిలే కావాలని బెంగాలును చంపాడు అని తేల్చెయ్యాలని తహతహలాడే మిత్రులకు ఒక మాట. ఆధారాలు ఆయనకు అనుకూలంగా లేవు, నిజమే. 1943 జనవరిలో హిందూమహాసముద్రానికి పంపే నౌకలను ఆయన ప్రభుత్వం బాగా తగ్గించింది. ఆగస్టు 4న ఏమరీ అయిదు లక్షల టన్నుల ధాన్యం అడిగితే మంత్రివర్గం అందులో చిన్న భాగానికి మాత్రమే ఒప్పుకున్నది. భారతీయులు కుందేళ్ళలా పిల్లల్ని కంటారని చర్చిల్ ఎగతాళి చేసినట్టు ఏమరీ దినచర్యలో ఉంది. ఇండియా విషయంలో ఈయన ధోరణికీ హిట్లర్ ధోరణికీ తేడా కనపడటం లేదని విసుగుపుట్టి రాసుకున్నాడు కూడా. ఏమరీ కమ్యూనిస్టు కాదు, సామ్రాజ్యం మీద వల్లమాలిన అభిమానం గల కన్సర్వేటివు. ఆ దినచర్య 1988లో అచ్చయింది. ధాన్యం పంపమని వేవెల్ మొరపెట్టుకుంటూ ఉంటే, గాంధీ ఇంకా చావలేదేమని చర్చిల్ అడిగిన తంతిని గురించి వేవెల్ రాసుకున్నది 1973లో అచ్చయింది.

మరోవైపు చూస్తే, 1944 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా గోధుమలు తేవటానికి నౌకలిమ్మని చర్చిలే రూజ్‌వెల్టుకు రాశాడు, రూజ్‌వెల్టు ఇవ్వలేనన్నాడు. అప్పటికి చావవలసినవాళ్ళు చాలామంది చచ్చారు గాని, రాసిన మాట రాసినదే. అంతకంటె ముఖ్యం, కరువుకు కారణాలు ఒక్క మనిషి కోపంలో ఇమడవు. బర్మా బియ్యం ఆగిపోయింది. 1942 అక్టోబరులో మేదినీపురాన్ని తుఫాను ముంచింది. వరికి తెగులు తగిలింది. శత్రువుకు దక్కకూడదని పదిమందికి మించి ఎక్కే పడవలను తీరప్రాంతాల్లో స్వాధీనం చేసుకున్నారు, పడవ లేకపోతే బెంగాలులో చేపా లేదు, సంతా లేదు. రాష్ట్రాలు ఒకదానికొకటి ధాన్యం పోనివ్వకుండా అడ్డుగట్టుకున్నాయి. షావుకార్లు నిల్వలు దాచారు, వాళ్ళు తెల్లవాళ్ళు కారు, మనవాళ్ళే. 1943లో బెంగాలులో లభ్యమైన ధాన్యం అంతకుముందు అయిదేళ్ళ సగటు కంటె 5 శాతం మాత్రమే తక్కువనీ, కరువు లేని 1941 కంటె ఎక్కువేననీ సేన్ లెక్కతేల్చాడు. ఆ లెక్కను ఒప్పుకోని పరిశోధకులున్నారు; పంట అంచనాలే తప్పని వాళ్ళ వాదం. వివాదం ఎటు తేలినా, ధర పెరిగినప్పుడు కొనగలిగినవాడు బతికాడు, కొనలేనివాడు పోయాడు అన్నది మారదు.

ఇదంతా పక్కకు నెట్టి, చర్చిల్ అనే రాక్షసుడి వల్ల కరువు వచ్చిందంటే ఏమవుతుంది? చర్చిల్ అనే మహాపురుషుడి వల్ల విజయం వచ్చింది అనే ఆయన పుస్తకం సిద్ధాంతాన్నే మనం తలకిందులుగా వల్లిస్తున్నామన్న మాట. షావుకారు తప్పుకుంటాడు. రిజర్వు బ్యాంకు నోట్లు తప్పుకుంటాయి. పడవలు పట్టుకున్న జిల్లా అధికారి తప్పుకుంటాడు. అన్నిటికంటె హాయిగా, సామ్రాజ్యం అనే వ్యవస్థ తప్పుకుంటుంది: పాపం దానికి ఆ కాలంలో ఒక చెడ్డ ప్రధాని దొరికాడు! మధుశ్రీ ముఖర్జీ 2010లో రాసిన పుస్తకం చాలా కష్టపడి నౌకల, ధాన్యపు లెక్కలు తీసిన విలువైన కృషి. దాన్ని చదివినవాళ్ళకంటె దాని పేరు చెప్పి ఒక్క తిట్టు తిట్టి ఊరుకునేవాళ్ళు ఎక్కువ కావటం ఆ రచయిత్రి తప్పు కాదు.

మరొక ప్రమాదం ఉంది. చర్చిల్ మీద వచ్చే ప్రతి విమర్శా మనవైపుదే అనుకోకూడదు. ఆయన చెడ్డవాడు కాబట్టి ఆయన శత్రువులు అంత చెడ్డవాళ్ళు కారు అని మెల్లిగా చెప్పుకువచ్చే రచన యూరపులోనూ ఉంది, మన దేశంలోనూ ఉంది. ఆ యుద్ధంలో 2 కోట్ల 70 లక్షల సోవియట్ ప్రజలు ప్రాణాలిచ్చారు. 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. ఫాసిజం ఓటమి వాళ్ళది. తూర్పు రంగానికి చర్చిల్ తన ఆరు సంపుటాలలో ఇచ్చిన చోటు చాలా కొద్ది. మనం కూడా ఆ విజయాన్ని ఆయన ఖాతాలో రాసి ఆయనతోపాటు తిట్టెయ్యటం తెలివితక్కువ.

అభ్యుదయవాదులు తప్పించుకోకూడని పుటలు కూడా ఆ గ్రంథంలో ఉన్నాయి. ఆరో సంపుటంలో, 1944 అక్టోబరులో మాస్కోలో తాను ఒక కాగితం ముక్క మీద రుమేనియా, గ్రీసు, బల్గేరియా మొదలైన దేశాలలో ఎవరి పలుకుబడి ఎంత శాతమో రాసి స్టాలిన్ ముందుకు తోశాననీ, ఆయన దాని మీద నీలిపెన్సిలుతో టిక్కు పెట్టాడనీ చర్చిల్ వర్ణిస్తాడు. గ్రీసులో తొంభై శాతం బ్రిటన్‌ది. ఆ డిసెంబరులోనే ఏథెన్సులో, జర్మన్లతో పోరాడిన గ్రీకు గెరిల్లాల మీద బ్రిటిష్ సేన కాల్పులు జరిపింది. జయించిన నగరంలో ప్రవర్తించినట్టు ప్రవర్తించమని జనరల్ స్కోబీకి ఆయన ఇచ్చిన తంతిని ఆయనే దాచకుండా అచ్చువేశాడు; సిగ్గుపడవలసిందని ఆయనకు తోచలేదు. చర్చిల్ చేసింది సామ్రాజ్యవాదమని చెప్పటం సులభం. టిక్కు పెట్టిన పెన్సిలును గురించి కూడా అదే గొంతుతో మాట్లాడగలిగితేనే గ్రీకు గెరిల్లాల పేరెత్తటానికి మనకు హక్కుంటుంది.

ఇదే మాట మన దేశానికీ వర్తిస్తుంది. 1942లో కమ్యూనిస్టు పార్టీ ఇది ప్రజాయుద్ధం అన్నది, నిషేధం తొలిగింది. ఆ విధానం తప్పొప్పులు ఇక్కడ తేల్చబోవటం లేదు. కాని ఒక సాహిత్య వాస్తవం చెప్పుకోవాలి. ఆనాటి వామపక్ష రచనల్లో కరువుకు నేరస్థుడుగా దొంగనిల్వదారు, లంచగొండి అధికారి ప్రస్ఫుటంగా కనిపించినంతగా, నౌకలు తిప్పేసిన లండన్ మంత్రివర్గం కనిపించదు. యుద్ధంలో ఒక వైపున ఉంటూ ఆ వైపు నాయకుణ్ణి వేలెత్తి చూపటం కష్టం. అయినా ఆ ఇరుకులోనుంచే ఆ తరం చేసిన పని చూడండి. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన జరిగింది. ఆ మే నెలలో బొంబాయిలో ప్రజానాట్య సంఘం పుట్టింది. బిజన్ భట్టాచార్య నవాన్న నాటకం 1944లో రంగమెక్కింది. జైనుల్ అబెదిన్ చౌక కాగితం మీద నల్లసిరాతో బొమ్మలు గీశాడు, సునీల్ జానా కెమెరా పట్టుకుని ఊళ్ళు తిరిగాడు. చర్చిల్ కథనంలో చోటు దొరకని జనానికి వీళ్ళు చోటిచ్చారు, పేర్లిచ్చారు, ముఖాలిచ్చారు.

మన కళాశాలల్లో ఆధునిక చరిత్ర చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన చిన్నది. నాలుగో సంపుటంలోని ఆ క్రిప్స్ అధ్యాయాన్ని తప్పకుండా చదివించండి. తీసిపారెయ్యకండి, అంత బాగా రాసిన ఇంగ్లీషు వచనం విద్యార్థులకు తరచు దొరకదు. దాని పక్కన వుడ్‌హెడ్ నివేదిక పెట్టండి. ప్రభుత్వ నివేదికే అయినా, రాసినవాళ్ళు ధరల పట్టికలు దాచలేదు. వాటి పక్కన చిత్తప్రసాద్ పుస్తకం పెట్టండి. ఆయన 1943 నవంబరులో మేదినీపురం జిల్లా కాలినడకన తిరిగి, చూసినవి చూసినట్టు రాసి, బొమ్మలు గీసి, ఆకలిగొన్న బెంగాల్ అనే పేరుతో పలచని పుస్తకం వేశాడు. అయిదువేల ప్రతులు ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. చిత్రకారుడి కుటుంబం దగ్గర మిగిలిన ఒక్క ప్రతి ఆధారంగా 2011లో దాన్ని మళ్ళీ అచ్చువేశారు.